యాపిల్ కొత్త ఫోన్లు: ఈవెంటు రోజు షేరు పడింది, నెలన్నరకి 4 ట్రిలియన్లు దాటింది. ఎవరి మాట వినాలి?

గుడివాడ_గోపి
2025 సెప్టెంబరు 9 రాత్రి పదిన్నరకి యాపిల్ ఈవెంటు లైవ్‌లో చూశాను. ల్యాప్‌టాప్‌లో ఈవెంటు, చేతిలో ఫోన్లో షేరు ధర. అక్కడ సన్నని కొత్త ఫోన్ ఐఫోన్ ఎయిర్‌ని తిప్పి తిప్పి చూపిస్తుంటే ఇక్కడ షేరు దిగుతూనే ఉంది. ఆ రోజు దాదాపు ఒకటిన్నర శాతం, మర్నాడు ఇంకో మూడు శాతం పైచిలుకు పోయింది. మా ఆఫీసు గ్రూపులో ఒకటే గోల. "కొత్తదనం ఏముంది, నారింజ రంగు పూసి వదిలాడు", "ఏఐ ఊసే లేదు", "ఇక కంపెనీ పని అయిపోయినట్టే" అని. అక్టోబరు 20న చూస్తే అదే షేరు కొత్త గరిష్ఠంలో ఉంది. 28న కంపెనీ విలువ 4 ట్రిలియన్ డాలర్లు దాటింది.

నా దగ్గర కొద్దిగా యాపిల్ షేర్లు ఉన్నాయి. పాప పైచదువుకి డాలర్లలో కొంత ఉంటే మంచిదని నెలనెలా కొంటున్నాను. రెండు సందేహాలు. ఏటా సెప్టెంబరు ఈవెంటుకి ముందు అమ్మేసి, పడ్డాక కొనుక్కుంటే ఎలా ఉంటుంది? జనం ఇంతగా తిట్టిన ఫోన్లకి షేరు ఎందుకు పెరిగింది? తెలిసినవాళ్లు చెప్పండి.

షేర్ల_శేషు
మొదటిదానికి జవాబు: వద్దు. రెండోదానికి: తిట్టేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు.

గుడివాడ_గోపి
శేషన్నా, మరీ టెలిగ్రాం కొట్టినట్టు రాస్తే ఎలా. కాస్త విడమరిచి చెప్పు.

షేర్ల_శేషు
సాయంత్రం రాస్తా. ఇప్పుడు మార్కెట్ నడుస్తోంది.

ప్లానో_ప్రసాద్
శేషు వచ్చేలోపు నేను మొదలెడతాను. ఇక్కడ టెక్సస్‌లో ఇరవై ఏళ్లుగా ఈ తంతు చూస్తున్నాను.

ఈవెంటు రోజు షేరు ఎగిరిన సందర్భం నాకు బాగా గుర్తున్నది ఒకటే, 2007 జనవరి 9. స్టీవ్ జాబ్స్ మొదటి ఐఫోన్ చూపించిన రోజు. 8 శాతం పైన లేచింది. ఎందుకంటే ఫోన్ వస్తుందని పుకార్లు ఉన్నా, ఇలాంటిది వస్తుందని ఎవరూ ఊహించలేదు. ఇప్పుడలా కాదు. ఈవెంటుకి రెండు నెలల ముందే ఫోన్ మందం ఎంతో, రంగులేంటో, కెమెరా ఎక్కడుంటుందో కవర్లు అమ్మేవాళ్లకి కూడా తెలిసిపోతోంది. అదంతా షేరు ధరలో ముందే కలిసిపోతుంది. ఈవెంటు రోజున మిగిలేది "అనుకున్నదే చూపించాడు" అని లాభం తీసుకుని పోయేవాళ్లు.

2023 జూన్ 5న కళ్లకి తగిలించుకునే విజన్ ప్రో చూపించినప్పుడూ ఇదే జరిగింది. పొద్దున్న షేరు రికార్డు ధర తాకింది. 3,499 డాలర్లు అని చెప్పాక జారి, కిందటి రోజుకంటే తక్కువలో ముగిసింది. 2024 జూన్ 10న యాపిల్ ఇంటెలిజెన్స్ అని తమ ఏఐని ప్రకటించిన రోజు సుమారు 2 శాతం పడింది. మర్నాడే 7 శాతం పెరిగి కొత్త రికార్డు. ఒక్క రాత్రిలో ఫోన్లో ఏం మారింది? ఏమీ లేదు. ముందు రోజు అమ్మినవాడు మర్నాడు ఏ ధరకి కొనాలి, గోపీ?

చార్ట్_చిన్నా
ప్రసాద్ గారూ, మీరు మీకు అనుకూలమైనవే చెబుతున్నారు. ఈసారి 9న, 10న రెండు రోజులూ పడింది కదా. 8న అమ్మి 10న కొన్నవాడికి నాలుగైదు శాతం మిగిలింది. అది డబ్బు కాదా?

ప్లానో_ప్రసాద్
డబ్బే తమ్ముడూ. కానీ 10వ తేదీనే కొనాలని 10వ తేదీన ఎవరు చెప్పారు? ఆ రోజు అందరూ ఇంకా పడుతుందనే అన్నారు.

చార్ట్_చిన్నా
చార్ట్ చెప్పింది 😎

పాతఫోన్_పంతులు
చార్టులన్నీ జరిగిపోయాక బాగానే చెబుతాయి నాయనా.

అత్తాపూర్_అనిత
షేర్ల సంగతి నాకు తెలియదు, ఫోన్ల సంగతి చెబుతాను. గోపి గారి ఆఫీసు గ్రూపువాళ్లు ఎయిర్‌నీ, నారింజ రంగునీ చూసి నవ్వుకున్నారు గానీ మామూలు ఐఫోన్ 17ని ఎవరూ పట్టించుకోలేదు. నిరుడు 16 మొదలయ్యింది 128 జీబీతో, 79,900కి. ఈసారి 17 మొదలయ్యేదే 256 జీబీతో, 82,900కి. అమెరికాలో అయితే 799 డాలర్లలో మార్పే లేదు. దానికి తోడు 120 హెర్ట్‌జ్ స్క్రీన్, అంటే వేలితో జరిపితే బొమ్మ నున్నగా కదులుతుంది. ఇన్నేళ్లూ ఆ స్క్రీన్ కావాలంటే ప్రో కొనాల్సిందే. ఇరవై వేల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎప్పటినుంచో ఉన్నదాన్ని లక్షకి పైన పెడితే గానీ ఇవ్వలేదు. ఈసారి మామూలు ఫోన్లో పెట్టేశారు. కొనేవాడికి కావలసింది అదే. ఈవెంటులో చప్పట్లు పడేది కాదు కాబట్టి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

షేర్ల_శేషు
అనిత గారు చెప్పిందే అసలు విషయం. అక్టోబరు 20న షేరు దాదాపు 4 శాతం లేచింది అందుకే. ఆ రోజు ఫోన్ల అమ్మకాలు లెక్కకట్టే కౌంటర్‌పాయింట్ వాళ్ల లెక్క బయటకొచ్చింది. అమెరికా, చైనాల్లో మొదటి పది రోజుల్లో 17 సిరీస్ అమ్మకాలు 16 సిరీస్ కంటే 14 శాతం ఎక్కువ. చైనాలో మామూలు 17 అయితే 16తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఈవెంటు రోజు పడటానికి అభిప్రాయాలు కారణం, నెలన్నర తర్వాత లేవడానికి బిల్లులు కారణం.

ఇంకో మాట. 2025లో ఈ షేరు బాగా కదిలిన రోజులు ఓసారి చూడండి.

ఏప్రిల్ 3న ట్రంప్ సుంకాల దెబ్బకి ఒక్కరోజులో 9 శాతం పైన పోయింది. ఏప్రిల్ 9న సుంకాలకి విరామం అనగానే ఒక్కరోజులో 15 శాతం వచ్చింది. ఆగస్టు 6న యాపిల్ సీఈఓ టిమ్ కుక్ వైట్‌హౌస్‌కి వెళ్లి అమెరికాలో ఇంకో 100 బిలియన్ డాలర్లు పెడతామని చెప్పిన రోజు 5 శాతం. సెప్టెంబరు 3న, అంటే ఈవెంటుకి వారం కూడా లేని సమయంలో, దాదాపు 4 శాతం. ఆ రోజు ఏ ఫోనూ రాలేదు. ముందు రోజు మార్కెట్ మూశాక గూగుల్ గుత్తాధిపత్యం కేసులో తీర్పు వచ్చింది. ఐఫోన్ బ్రౌజరు సఫారీలో తమ సెర్చ్ పెట్టినందుకు యాపిల్‌కి గూగుల్ డబ్బులివ్వడం కొనసాగించవచ్చని జడ్జి అన్నారు. 2022లో ఆ పద్దు కింద వచ్చింది 20 బిలియన్ డాలర్లు. దానికి తయారీ ఖర్చు లేదు, గోడౌన్ అద్దె లేదు.

ఈ నాలుగు రోజుల్లో ఏ ఒక్కదానికీ కెమెరాతో, రంగుతో సంబంధం లేదు.

సిమ్_సింహాచలం
20 బిలియన్లా! ఊరికే కూర్చోబెట్టి! మా ఇంటి గోడ మీద సిమెంటు కంపెనీవాడు బొమ్మ వేసుకుని ఒక డబ్బా పెయింటు ఇచ్చి వెళ్లాడు.

చార్ట్_చిన్నా
శేషన్నా, అలాగైతే ఫోన్ బాగున్నా బాగోకపోయినా ఒకటేనంటావా? నేను ఒప్పుకోను. 2019 జనవరి గుర్తుందా?

షేర్ల_శేషు
గుర్తుంది. నువ్వే చెప్పు.

చార్ట్_చిన్నా
2019 జనవరి 2న టిమ్ కుక్ ఇన్వెస్టర్లకి ఉత్తరం రాశాడు. క్వార్టర్‌కి 89 నుంచి 93 బిలియన్లు వస్తాయని ముందు చెప్పి, 84 మాత్రమే అన్నాడు. చైనాలో ఐఫోన్లు అనుకున్నట్టు అమ్ముడుపోలేదని. మర్నాడు షేరు దాదాపు 10 శాతం పడింది. అంతకుముందు ఏం జరిగింది? 2017లో ఐఫోన్ X 999 డాలర్లకి తెచ్చారు, ఇండియాలో 89,000. ఆ తర్వాతి ఏడాది ఎక్స్‌ఎస్ మాక్స్‌తో ఇంకా పైకి వెళ్లారు. దానికి తోడు పాత ఫోన్లకి తక్కువ ధరకి బ్యాటరీ మార్చి ఇస్తుంటే జనం కొత్తది ఎందుకు కొంటారు? ఆ సంగతి కుక్ ఉత్తరంలోనే ఉంది. అంటే వాడేవాళ్ల కోపం షేరుకి తగులుతుంది. కాకపోతే ఆలస్యంగా తగులుతుంది.

షేర్ల_శేషు
బాగా చెప్పావు. ఇదే పద్ధతిలో రాస్తే చార్టులతో పనే ఉండదు నీకు.

పాతఫోన్_పంతులు
ఆ బ్యాటరీ గొడవ కుర్రాళ్లకి తెలియకపోవచ్చు. 2017 డిసెంబరులో బయటపడింది. బ్యాటరీ పాతబడిన ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా ప్రాసెసర్ వేగం తగ్గిస్తున్నామని యాపిల్ ఒప్పుకుంది. ముందే చెప్పకుండా చేశారని లోకమంతా దుమ్మెత్తిపోసింది. వాళ్లు క్షమాపణ చెప్పి, అమెరికాలో 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లు చేశారు. మా స్కూల్లో మాస్టార్లు ఇద్దరు అప్పుడు మార్పించుకుని, అవే ఫోన్లు ఇంకో మూడేళ్లు వాడారు. వాడేవాడికి అది పండగ. షేరు కొన్నవాడికి ఆ మూడేళ్లు కొత్త ఫోన్ అమ్ముడుపోనట్టే.

బెంజిసర్కిల్_బాలు
నాకు మొన్న ఆదివారం విజయవాడలో ఒక షాపులో చూసింది చెప్పాలనిపిస్తోంది. బల్ల మీద ఎయిర్ పెట్టారు. ఒక పెద్దాయన, పక్కన కొడుకు. ఎత్తి చూడండి ఎంత తేలిగ్గా ఉందో అంటాడు సేల్స్ కుర్రాడు. ఎత్తితే వెనక దొంగతనం కాకుండా కట్టిన వైరు, కింద దిమ్మ. ఇంక బరువేం తెలుస్తుంది? కుర్రాడు మేనేజరుని అడిగి తాళం తెచ్చి వైరు ఊడదీసి ఇచ్చాడు. పెద్దాయన చేతిలోకి తీసుకుని అప్పడంలా ఉందే అన్నారు. 5.6 మిల్లీమీటర్లు సార్ అన్నాడు కుర్రాడు. నిజంగానే ముచ్చటగా ఉంది, నేనూ పట్టుకుని చూశాను. కొడుకు వెనక్కి తిప్పి "రెండో కెమెరా ఏది?" అన్నాడు. ఒకటే సార్. "సిమ్ ఎక్కడ పెట్టాలి?" సిమ్ పెట్టేది లేదు సార్, కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే ఈ-సిమ్ ఒక్కటే. "ఎంత?" 1,19,900. పెద్దాయన ఫోన్ని మెల్లగా, పడిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశారు. పావుగంట తర్వాత బిల్లు కౌంటర్ దగ్గర కనిపించారు. చేతిలో మామూలు 17, తెల్లది.

అత్తాపూర్_అనిత
😂 పాపం ఎయిర్. అందరూ ఎత్తి చూసి మెచ్చుకుంటారు, కొనేటప్పుడు పక్కది కొంటారు.

సిమ్_సింహాచలం
ఎయిర్ తయారీ తగ్గించేశారని అక్టోబరులోనే వార్తలొచ్చాయి కదా. అంటే ఫ్లాప్ అని కంపెనీయే ఒప్పుకున్నట్టు.

ప్లానో_ప్రసాద్
కంపెనీ ఎక్కడా ఒప్పుకోలేదు, వార్తలొచ్చాయి అంతే. యాపిల్ ఏ మోడల్ ఎన్ని అమ్మిందో 2018 చివరినుంచి చెప్పడమే మానేసింది. మొత్తం ఐఫోన్ ఆదాయం ఒక్కటే ఇస్తారు. కాబట్టి ఎయిర్ దెబ్బతిన్నా ప్రో, 17 ఎక్కువ పోతే ఆ అంకెలో అంతా కలిసిపోతుంది. 2025 సెప్టెంబరుతో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో మొత్తం ఆదాయం 416 బిలియన్ డాలర్లు. అందులో సగం పైచిలుకు ఐఫోన్, పావు వంతు పైన సర్వీసులు. ఎయిర్ అమ్ముడుపోలేదని ఎంత రాసినా ఇన్వెస్టరు ఆ రెండు అంకెలే చూస్తాడు.

నా వరకు ఎయిర్ అనవసరం అనుకోను. అంత సన్నని దాంట్లో మదర్‌బోర్డంతా కెమెరా గడ్డలోకి ఎక్కించి, కింద ఖాళీ అంతా బ్యాటరీకి ఇచ్చారు. మడత ఫోన్ చేయాలంటే ఒక్కో రెక్క ఇంత పల్చగానే ఉండాలి. దానికి ఇది రిహార్సల్ అని చాలామంది అనుకుంటున్నారు, నా ఊహా అదే.

చార్ట్_చిన్నా
రిహార్సల్‌కి 1,19,900 టికెట్టా అండీ!

కొంగర_కుమార్
ఇండియా ధరల మీద అందరికీ కోపమే గాని, కూర్చొని లెక్క కట్టినోళ్లు లేరు. నేను కట్టిన. సెప్టెంబరులో డాలరు 88 దగ్గర ఉండె. మామూలు 17, 799 డాలర్లు అంటే 70,300. మన 82,900లోంచి 18 శాతం జీఎస్టీ తీసేస్తే 70,250. అంటే అమెరికా ధరే, మీద జీఎస్టీ. అమెరికాల కూడా 799 మీద రాష్ట్రం పన్ను వేరే ఉంటది.

ఇగ ప్రో చూడండి. 1,099 డాలర్లు అంటే 96,700. మన 1,34,900లోంచి జీఎస్టీ తీసేస్తే 1,14,300. ఇక్కడ 17 వేలు పైన ఎక్కువ. ఎయిర్‌కి 13 వేలు పైన. అంటే మామూలు ఫోన్ మీద దగ్గరికి లాగి, పై ఫోన్ల మీద పిండుకుంటున్నరు. ఇండియాల 17 సిరీస్ మొత్తం మొదటినుంచే తయారవుతున్నా గూడ ఇదే లెక్క. ఇక్కడ చేసినంత మాత్రాన ధర తగ్గదు, ఇక్కడ చేసేది ఎక్కువ అమెరికాకి పంపనీకే.

సిమ్_సింహాచలం
కుమార్ అన్నా, టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గించారుగా సెప్టెంబరులో. ఫోన్లకి ఎందుకు తగ్గలేదు?

కొంగర_కుమార్
ఫోన్లు ముందునుంచే 18లో ఉన్నయి. తగ్గించేది ఏముంది.

గుడివాడ_గోపి
ఈ లెక్క నేను ఎక్కడా చూడలేదు. మీరు హైదరాబాద్ దగ్గర కొంగర కలాన్ వాళ్లా? అక్కడే కదా ఎయిర్‌పాడ్స్ ఫ్యాక్టరీ?

కొంగర_కుమార్
అవును, మాది ఇబ్రహీంపట్నం దిక్కు. యాపిల్‌కి చేసిచ్చే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన అయింది, 2025ల ఎయిర్‌పాడ్స్ తయారు కావడం మొదలైంది. పొద్దుగాల షిఫ్టు బస్సులు వరసగ పోతుంటయి. మా ఊళ్లె రూముల కిరాయి పెరిగింది. ఒకాయన గొడ్ల కొట్టం కొట్టేసి పైన కింద కలిపి సింగిల్ రూములు కట్టిండు, సగం కాకముందే అడ్వాన్సులు వచ్చినయి. యాపిల్ షేరు కొనలె గాని యాపిల్ మీద బాగనే సంపాయిస్తుండు ఆయన.

షేర్ల_శేషు
గోపీ, నీ ప్రశ్నకి ఇదే సరైన జవాబు. రూములు కట్టు.

బెంజిసర్కిల్_బాలు
ఎయిర్‌పాడ్స్ అంటే గుర్తొచ్చింది. ఈవెంటులో నాకు నచ్చింది ఫోన్లు కాదు, ఎయిర్‌పాడ్స్ ప్రో 3లో లైవ్ ట్రాన్స్‌లేషన్. ఎదుటివాడు ఫ్రెంచిలో మాట్లాడితే మన చెవిలో ఇంగ్లిష్‌లో వినబడటం. తెలుగు లేదు, అదొక్కటే వెలితి.

పాతఫోన్_పంతులు
తెలుగు వస్తే మా ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసా. మా వియ్యంకుడు నెల్లూరు, నాది శ్రీకాకుళం. ఇద్దరం తెలుగే మాట్లాడుకుంటాం, ఇద్దరికీ ట్రాన్స్‌లేషన్ కావాలి.

అత్తాపూర్_అనిత
😂😂

ఐఫోన్ కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఆ లిక్విడ్ గ్లాస్ అనే అద్దం డిజైన్ మీద ఫోన్ల కంటే ఎక్కువ తిట్లు పడ్డాయి. అన్నీ పారదర్శకం చేసేసరికి వెనక ఫోటో ఉంటే ముందు అక్షరం చదవడం కష్టమని జూన్లో చూపించినప్పటినుంచీ అంటూనే ఉన్నారు. చివరికి నవంబరులో 26.1 అప్‌డేట్‌లో ఆ అద్దాన్ని కాస్త మసక చేసుకునే ఆప్షన్ ఇచ్చారు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్‌లో ఉంటుంది, టింటెడ్ అని. ఇంట్లో పెద్దవాళ్లకి ఐఫోన్ ఉంటే పెట్టి ఇవ్వండి.

చార్ట్_చిన్నా
నాకు ఆ అద్దమే నచ్చింది. కంట్రోల్ సెంటర్ దించుతుంటే వెనక రంగులు వంగుతాయి చూడండి, ఊరికే పైకీ కిందకీ లాగుతూ కూర్చుంటా.

అత్తాపూర్_అనిత
నీకు ఇరవై నాలుగేళ్లు తమ్ముడూ. నలభై దాటాక రా, మాట్లాడదాం.

ప్లానో_ప్రసాద్
అనిత గారు చెప్పినదాంట్లో ఇన్వెస్టరు చూడాల్సింది ఒకటుంది. జనం అరిచారు, కంపెనీ కొంత వెనక్కి తగ్గింది. వీళ్లకిది మొదటినుంచీ అలవాటే. 2007లో మొదటి ఐఫోన్ అమ్మకం మొదలైన రెండు నెలల చిల్లరకే 599 డాలర్ల మోడల్‌ని 399 చేశారు. ముందే క్యూలో నిలబడి కొన్నవాళ్లు భగ్గుమన్నారు. మర్నాడే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి వాళ్లకి 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇచ్చాడు. 2010లో ఐఫోన్ 4 ఎడమ చేత్తో పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని గొడవ. జులై 16న ప్రెస్ మీట్ పెట్టి అందరికీ కవర్లు ఉచితంగా ఇచ్చారు. ఆ ఫోన్ ఆ తర్వాత కూడా విరగబడి అమ్ముడుపోయింది. కోపంతో అరిచేవాడు మన కస్టమరే, పోయేవాడు మాత్రం నోరెత్తకుండా పోతాడు. కొత్త ప్రోడక్టు వచ్చినప్పుడు తిట్ల కంటే, అసలు ఎవరూ ఏమీ అనకపోతే నాకు భయం.

బెంజిసర్కిల్_బాలు
విజన్ ప్రో అలాంటిదేగా. మెచ్చుకున్నారు, మర్చిపోయారు. ఇండియాలో ఇంతవరకూ అమ్మకానికే పెట్టలేదు.

ప్లానో_ప్రసాద్
అదే చెప్పబోతున్నా. 2024 ఫిబ్రవరి 2న ఇక్కడ షాపుల్లోకి వచ్చింది. నాకు స్టోర్‌లో అరగంట డెమో ఇచ్చారు, నోరెళ్లబెట్టుకుని చూశాను. పెట్టెలోంచి డైనోసార్ బయటికి వచ్చినట్టే ఉంది. తీసేశాక ముక్కు మీద అచ్చు పడింది. మా ఆవిడ "అయితే కొంటున్నావా?" అంది. కారు దగ్గరికి నడిచే లోపే ఆ సంగతి పోయి సాయంత్రం కూర ఏంటన్న సంగతి వచ్చింది.

చార్ట్_చిన్నా
అందరూ యాపిల్ భజన మొదలెట్టారు. మరి మాటతో పనులు చేసిపెట్టే సిరి సంగతి? 2024లో యాపిల్ ఇంటెలిజెన్స్ అన్నారు. మన మెయిళ్లూ మెసేజులూ చూసి అమ్మ ఫ్లైట్ ఎప్పుడు దిగుతుందో చెప్పే సిరి వస్తుందన్నారు. దాని పేరు చెప్పి 16 సిరీస్‌కి యాడ్లు వేశారు. 2025 మార్చిలో "ఆలస్యమవుతుంది" అని ఆ యాడ్ తీసేశారు. అమెరికాలో దాని మీద కేసులు కూడా పడ్డాయి. పక్కన గూగుల్, మైక్రోసాఫ్ట్, మెటా ఏఐ డేటా సెంటర్ల మీద లెక్కలేనంత పోస్తుంటే వీళ్లు 100 బిలియన్లు పెట్టి సొంత షేర్లు కొనుక్కుంటున్నారు. రేపు ఫోన్ తెరవకుండానే పనులు జరిగే రోజొస్తే ఈ 4 ట్రిలియన్లు ఏమవుతాయి?

షేర్ల_శేషు
ఈ థ్రెడ్‌లో అసలైన ప్రశ్న ఇది. నా దగ్గర తేల్చి చెప్పే జవాబు లేదు.

వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ 2016లో యాపిల్ కొనడం మొదలెట్టి, 2024లో మూడింట రెండు వంతులు అమ్మేసింది. ఆ అమ్మకం మొదలైనప్పుడు మా గ్రూపుల్లోనూ "బఫెటే అమ్మాడు" అని సగంమంది బయటపడ్డారు. షేరు తర్వాత పెరిగింది. అలాగని ఏఐలో వెనకబడ్డారన్నది అబద్ధమా? కాదు. 2024 డిసెంబరులో 259 దగ్గరున్న షేరు 2025 ఏప్రిల్లో 172కి వచ్చింది. మూడో వంతు పోయింది. సుంకాలది పెద్ద పాత్రే, కానీ సిరి ఆలస్యం కూడా అదే సమయంలో జరిగింది. మరి చవగ్గా అయినా ఉందా అంటే అదీ లేదు. ఏడాదికి ఒకంకె శాతంలో ఆదాయం పెరిగే కంపెనీకి లాభానికి ముప్పై రెట్లకు పైన ధర ఇస్తున్నారు. నేనైతే ఉన్నవి అమ్మను, కొత్తగా ఎగబడి కొనను. సిప్ లాగా కొనేవాళ్లు ఒకే కంపెనీ బదులు అమెరికాలోని 500 పెద్ద కంపెనీలు కలిసి ఉండే ఎస్&పీ 500 ఫండు చూసుకోండి, అందులోనూ యాపిల్ ఉంటుంది.

చార్ట్_చిన్నా
శేషన్న "నాకు తెలియదు" అన్న రోజు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

సిమ్_సింహాచలం
ప్రసాద్ గారూ, మా బావగారు సంక్రాంతికి అమెరికా నుంచి 17 ప్రో తెస్తానంటున్నారు. కుమార్ అన్న లెక్క చూశాక తెమ్మందామనుకుంటున్నా. ఏమన్నా ఇబ్బందా?

ప్లానో_ప్రసాద్
2022లో వచ్చిన 14 నుంచీ ఇక్కడి ఐఫోన్లకి సిమ్ ట్రే ఉండదు, ఈ-సిమ్ ఒక్కటే. ఇండియాలో కొన్న 17కి, ప్రోకి మామూలు సిమ్ కూడా పడుతుంది. మీ పేరే సింహాచలం, సిమ్ లేకుండా ఎలా!

సిమ్_సింహాచలం
నిజం చెప్పాలంటే నాకు ఈ హ్యాండిల్ వచ్చిందే దానివల్ల. ఒకసారి ఈ-సిమ్‌కి మారుద్దామని మా నెట్‌వర్క్ వాళ్ల యాప్‌లో నొక్కాను. పాత సిమ్ ఆగిపోయింది, కొత్తది రాలేదు. ఓటీపీ ఏమో ఆగిపోయిన నంబరుకే పంపిస్తున్నాడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేద్దామంటే ఫోన్ లేదు. పక్కింటాయన ఫోన్ నుంచి చేస్తే "మీ రిజిస్టర్డ్ నంబర్ నుంచి కాల్ చేయండి" అంది ఆ అమ్మాయి. రెండు రోజులు యూపీఐ లేదు, జేబులో నోట్లు పెట్టుకుని తిరిగా. ఏ కంపెనీయో అడక్కండి.

బెంజిసర్కిల్_బాలు
అయితే బావగారిని తేవద్దనండి. ఇక్కడే కార్డు ఆఫర్లో తీసుకోండి, బిల్లు కూడా మీ పేరు మీద ఉంటుంది.

వేదిక_నిర్వాహకులు
ఈ-సిమ్ కష్టాలకి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ ఫోన్లు, షేర్లు మాత్రమే.

గుడివాడ_గోపి
అందరికీ థాంక్స్. ఈవెంటుకి ముందు అమ్మి తర్వాత కొనే ఆలోచన మానుకున్నాను. ఒకటి మాత్రం ఇంకా అర్థం కావట్లేదు. అలా అమ్మి కొంటే పన్ను ఎంత పడేది?

షేర్ల_శేషు
ఇది మొదట్లోనే రాయాల్సింది, కబుర్లలో పడ్డాం. అమెరికా షేరు 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. అంతకుముందే అమ్మితే నీ స్లాబు ప్రకారం. నువ్వు 30 శాతం స్లాబులో ఉంటే, చిన్నా చెప్పిన ఆ నాలుగైదు శాతం కోసం అప్పటివరకూ వచ్చిన లాభం మొత్తం మీద పన్ను కట్టాలి. పైగా మళ్లీ కొన్న రోజునుంచి 24 నెలల లెక్క మొదటికొస్తుంది. బ్రోకరేజీ కూడా రెండుసార్లు. డబ్బు ఇండియాకి తెప్పించుకుని మళ్లీ పంపితే బ్యాంకు డాలరు మార్పిడిలో రెండుసార్లు కోత. ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే, దాటినదాని మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

డివిడెండు మీద అమెరికాలో 25 శాతం పట్టుకుంటారు. అమెరికావాడిని కానని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఫారం ఇచ్చావో లేదో నీ యాప్‌లో చూసుకో. ఆ పట్టుకున్నదానికి ఇక్కడ క్రెడిట్ కావాలంటే దానికని వేరే ఫారం వేయాలి.

గుడివాడ_గోపి
2025 చివర్లో డివిడెండు షేరుకి మూడు నెలలకి 26 సెంట్లు ఇచ్చారు. అందులో పావు వంతు కోత, దానికో ఫారం! మా ఆడిటరు ఫీజుకే చాలదు అది.

పాతఫోన్_పంతులు
గోపీ, రిటర్నులో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ నింపుతున్నావా? ఒక్క షేరున్నా చూపించాలి. అమ్మకపోయినా చూపించాలి.

గుడివాడ_గోపి
నింపుతున్నాను మాస్టారూ. ఏప్రిల్ నుంచి మార్చి లెక్కేగా?

పాతఫోన్_పంతులు
కాదు. దానికి మాత్రం జనవరి నుంచి డిసెంబరు. ఆ ఏడాదిలో షేర్ల విలువ ఎక్కువలో ఎంతకి వెళ్లిందో కూడా అడుగుతుంది. డిసెంబరు 31 స్టేట్‌మెంటు యాప్‌లోంచి దించి పెట్టుకో, జులైలో వెతుక్కోకుండా. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాకుండా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షల లోపు ఉంటే, చూపించనందుకు వేసే 10 లక్షల జరిమానా లేదు. లేదు కదా అని మానేయకు.

చార్ట్_చిన్నా
మాస్టారూ, ఎక్కువలో ఎంతకి వెళ్లిందో అంటే... దానికి చార్ట్ చూడాలి కదా 😌

పాతఫోన్_పంతులు
ఆ ఒక్కదానికి చూసుకో.